పెరటి ద్రాక్ష, కోడిగుడ్డు వాసన: ఆక్లాండ్‌లో ఒక ఇంటి ఊట కేస్ స్టడీ

ఆక్లాండ్‌కి పడమర వైపున్న హెండర్సన్‌లో ఒక తెలుగు కుటుంబం పాత ఇల్లు కొనుక్కుంది. ఇంటితోపాటు వెనక పెరట్లో పందిరంతా అల్లుకున్న ఒక ముసలి ద్రాక్ష తీగ కూడా వచ్చింది. మార్చి చివర్లో దాన్నుంచి 60 కిలోల కాయ దిగింది. అంత కాయ తినలేరు, పారేయలేరు. పులియబెట్టి బ్రాందీ కాచుకుందామనుకున్నారు. ఊట, అంటే పులుస్తున్న రసం, ఇంకా మూడో వంతు కూడా పులవకముందే గ్యారేజీ నిండా కుళ్లిన కోడిగుడ్డు వాసన. "అన్నా, మొత్తం పారబోయాలా?" అని ఇంటాయన ఫోన్ చేశాడు. నేను ఇక్కడ వైనరీ సెల్లార్‌లో పనిచేస్తాను, ఇంట్లో సారా కాచే చిన్న రాగి బట్టీ ఉంది. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు.

ఈ కేసు పూర్తిగా రాయడానికి ఒక కారణం ఉంది. ఇంట్లో కాచుకునేవాళ్లు బట్టీ గురించి ఎంత మాట్లాడతారో ఊట గురించి అంత మాట్లాడరు. గిన్నె ఎన్ని లీటర్లు, గొట్టం పొడవెంత, థర్మామీటర్ ఎక్కడ పెట్టాలి అన్నదే చర్చంతా. బట్టీ కొత్తగా ఏదీ పుట్టించదు. ఊటలో ఉన్న మంచినీ చెడునీ చిక్కబరిచి మన ముందు పెడుతుంది. సరుకు బాగుండాలంటే ఊట దగ్గరే బాగుండాలి. ఈ తీగ విషయంలో అది చాలా స్పష్టంగా తెలిసింది.

ముందు చట్టం సంగతి. న్యూజిలాండ్‌లో సొంతానికి కాచుకోవడం 1996 కస్టమ్స్ అండ్ ఎక్సైజ్ చట్టం నుంచి నేరం కాదు. అమ్మాలంటే మాత్రం లైసెన్స్ ఉండాలి, ఎక్సైజ్ కట్టాలి. పక్కనే ఉన్న ఆస్ట్రేలియాలో ఇంటి వాడకానికైనా లైసెన్స్ లేకుండా కాచకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది ఎక్సైజ్ చట్టం కింద నేరమని వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి కింద రాసిన కాచే భాగం ఇక్కడివాళ్ల కోసమే. పులియబెట్టడం గురించి రాసింది ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి ఉన్న చోటల్లా పనికొస్తుంది.

తీగ సంగతి

హెండర్సన్‌కి ద్రాక్ష కొత్త కాదు. లెబనాన్ నుంచి వచ్చిన అసీద్ అబ్రహాం కార్బన్ 1902లో తోట వేసింది ఇక్కడే. ఆ తరవాత డాల్మేషియా నుంచి, అంటే ఇప్పటి క్రొయేషియా తీరం నుంచి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల తోటలు పెంచి వైన్ చేశాయి. ఆ తోటలు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి. పాత ఇళ్ల పెరళ్లలో మాత్రం తీగలు మిగిలాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఆల్బనీ సర్‌ప్రైజ్. ఆక్లాండ్ ఉత్తరాన ఉన్న ఆల్బనీ ఊరి పేరే దానికి పెట్టారు. ఈ ఇంట్లో ఉన్నదీ అదే.

ఇది అమెరికా జాతి ద్రాక్ష, లాబ్రస్కా కుటుంబం. కాయను వేళ్ల మధ్య నొక్కితే జిగురు లాంటి గుజ్జు ముద్దగా జారి బయటికొస్తుంది, తొక్క చేతిలో మిగులుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది. ద్రాక్ష ఫ్లేవర్ అని చెప్పి బబుల్‌గమ్‌లో వేసే వాసన ఇదే, దాని వెనకున్న రసాయనం మిథైల్ యాంత్రనిలేట్. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే చిక్‌బళ్లాపూర్, కోలార్ వైపు నుంచి వచ్చే గింజలున్న నల్ల ద్రాక్ష, బెంగళూరు బ్లూ, ఈ కుటుంబానిదే. అది తిన్నవాళ్లకి ఆ వాసన నాలుక మీదే ఉంటుంది. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ దారి వేరు, అది యూరప్ జాతి.

లాబ్రస్కాలో బట్టీకి సంబంధించి గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు: చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ, పెక్టిన్ (పండులో జిగురునిచ్చే పదార్థం) బాగా ఎక్కువ. మొదటి రెండూ చూసి చాలామంది నిరుత్సాహపడతారు. నిజానికి బ్రాందీకి అవి వరం. బ్రాందీకి పేరుమోసిన ఫ్రాన్స్‌లోని కోన్యాక్‌లో కాచే తెల్ల వైన్ తాగడానికి ఏమంత బాగుండదు. పుల్లగా, పల్చగా, 8 నుంచి 10 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. కావాలనే అలా చేస్తారు. ఆ పులుపే, సల్ఫైట్ (వైన్ నిలవ ఉండేందుకు వేసే గంధకపు మందు) వెయ్యకపోయినా వైన్‌ని పాడవకుండా కాపాడుతుంది. ఆల్కహాల్ తక్కువ కాబట్టి ఒక సీసా బ్రాందీకి ఎక్కువ వైన్ కాచాల్సి వస్తుంది, ఆ మేరకు పండు సువాసన కూడా ఎక్కువ చేరుతుంది. మూడోది పెక్టిన్. దానితోనే జాగ్రత్తగా ఉండాలి, దాని దగ్గరికి తరవాత వస్తాను.

కోసిన రోజు వాళ్లు రాసిపెట్టుకున్న లెక్క: రసం సాంద్రత 1.063 (నీటిది 1.000, చక్కెర పులిసేకొద్దీ ఈ అంకె దిగుతుంది), అంటే 15.5 బ్రిక్స్ (నూటికి ఎంత చక్కెర అన్న కొలత) దగ్గర. నేను వెళ్లాక పీహెచ్ చూస్తే 3.2. రెండూ నాకు నచ్చిన అంకెలే. తొడిమలు తీసేసి, కాయ చిదిపి, తొక్కలతో సహా పెద్ద ఫుడ్ గ్రేడ్ డ్రమ్ములో వేశారు. ఈస్ట్ వెయ్యలేదు. కాయ మీదుండే తెల్లటి పొడే ఈస్ట్ అని ఎవరో చెప్పారట. అది చాలావరకు మైనం. ఈస్ట్ కణాలు దాని మీద ఉంటాయి గానీ చాలా కొద్దిగా, అవీ రకరకాలవి. ఒక్కోసారి వాటితోనే అద్భుతంగా పులుస్తుంది, ఒక్కోసారి మధ్యలో చతికిలబడుతుంది.

వాసన ఎక్కడిది

నేను వెళ్లేసరికి సాంద్రత 1.048. పైకి తేలిన తొక్కల పొర మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 31 డిగ్రీలు. మూత తియ్యగానే ముక్కు పక్కకి తిప్పుకునేంత వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనేది ముక్కే చెబుతుంది. కానీ అది ఇంకా తేలికగా పోయే దశలో ఉందా, లేక మెర్కాప్టాన్లు అనే ఇంకో గంధకపు కంపు దశ దాటి, వదిలించుకోవడం కష్టమైన డైసల్ఫైడ్లుగా ముదిరిందా అన్నది తెలుసుకోవాలి, ఎందుకంటే వైద్యం దాన్నిబట్టే. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం ఊట వడగట్టి పోశాం. ఒక దాంట్లో, నిమ్మ ఉప్పు నీళ్లతో తళతళలాడేలా తోమిన రాగి తీగ ముక్క చుట్టి వేశాం. కాసేపు గిరగిరా తిప్పి రెండూ వాసన చూశాం. రాగి లేని గ్లాసు అలాగే కంపు కొడుతోంది. రాగి ఉన్న గ్లాసులో కోడిగుడ్డు పోయి పండు వాసన పైకి వచ్చింది. తీగ ముక్క మీద గోధుమరంగు మరక పడింది. అంటే ఇంకా మించిపోలేదు. ముదిరి డైసల్ఫైడ్లు అయ్యుంటే రాగికి లొంగేది కాదు. ఆ గ్లాసులు రెండూ సింకులో పారబోయాలి, తాగి చూడకూడదు.

ఇక కారణం. ఇంటాయన నాన్నగారు ప్రకాశం జిల్లా నుంచి వచ్చి ఉన్నారు. జీవితమంతా సేద్యం చేసిన మనిషి. పందిరి చూపిస్తూ ఆయనే చెప్పారు.

"ఆకులంతా బూడిద తెగులు పట్టింది బాబూ. గంధకం కొట్టా. కాయకి పాకితే పంటే పోయేది."

"ఎప్పుడు కొట్టారు బాబాయ్?"

"కోతకి రెండు వారాల ముందు. ఆ తరవాత చినుకు కూడా పడలా."

ఆయన చేసింది సేద్యం ప్రకారం సరైన పనే. ఆక్లాండ్ ఎండాకాలం తేమకి బూడిద తెగులు రాక మానదు, దానికి గంధకమే పాత మందు. తినే ద్రాక్షకైతే పేచీయే లేదు. పులియబెట్టే ద్రాక్షకి మాత్రం కోత దగ్గరపడ్డాక కొట్టిన గంధకం తొక్కతోపాటు డ్రమ్ములోకి వచ్చేస్తుంది. పులిసేటప్పుడు ఆ గంధకమే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. తొక్కలతో కలిపి పులియబెడితే ఇంకా ఎక్కువ. దీనికి తోడు ఇంకో రెండు. ఎరువు మొహం చూసి ఏళ్లయిన పాత తీగ కాయలో నైట్రోజన్ తక్కువ ఉంటుంది, నైట్రోజన్ చాలకపోతే ఈస్ట్ తనంతట తానే ఈ వాసన పుట్టిస్తుంది. 31 డిగ్రీల వేడి దాన్ని ఎగదోస్తుంది. మూడు కారణాలూ ఒక్క డ్రమ్ములో కలిశాయి.

వైద్యం

మొదట వేడి తగ్గించాం. నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, బయట శుభ్రంగా కడిగి డ్రమ్ములోకి దించాం. తొక్కలను కిందికి తొక్కుతూ కలుపుతుంటే సాయంత్రానికి 24 డిగ్రీలకి దిగింది.

తరవాత గాలి. వైన్ చేసేవాళ్లకి గాలి అంటే భయం, కానీ పులిసే మొదటి సగంలో ఈస్ట్‌కి ఆక్సిజన్ కావాలి. కింద కుళాయి నుంచి రసాన్ని బకెట్లోకి ఎత్తు నుంచి ధారగా వదిలి మళ్లీ డ్రమ్ములో పోశాం. సగం రసం అలా తిప్పేసరికే వాసన సగం గాలిలో కలిసిపోయింది. గ్యారేజీ షట్టర్ పూర్తిగా ఎత్తించాను. వాసన కోసమే కాదు. ఇంత చక్కెర ఉన్న ఊట లీటరుకి 40 లీటర్ల దాకా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది బరువైన గాలి, నేల మీదే పేరుకుంటుంది. మూసిన గదిలో డ్రమ్ము మీదకి వంగి పనిచేయడం, చిన్నపిల్లల్ని, కుక్కని అక్కడ తిరగనివ్వడం ప్రమాదం.

మూడోది ఆహారం. డైఅమ్మోనియం ఫాస్ఫేట్ లీటరుకి 0.3 గ్రాములు, నీళ్లలో కరిగించి వెయ్యమన్నాను. దాంతోపాటు చచ్చిన ఈస్ట్‌తో చేసిన పోషకం కొంచెం. పెద్దాయన వెంటనే అడిగారు. "డీఏపీ అంటే మన బస్తా డీఏపీయేనా?" పేరొక్కటే, రసాయనమూ ఒక్కటే, కానీ ఎరువు బస్తాలో భార లోహాలతో సహా మలినాలు ఉండొచ్చు. తినే పదార్థాల్లో వాడేందుకు శుద్ధి చేసింది హోమ్‌బ్రూ షాపుల్లో చిన్న ప్యాకెట్లుగా దొరుకుతుంది, అదే వాడాలి. "మరి యూరియా? ఊళ్లో ఊటలో వేస్తారని విన్నా." ఈ మాట ఆయన అడిగినందుకు నిజంగా సంతోషించాను, ఎందుకంటే చాలామంది అడక్కుండా వేసేస్తారు. యూరియా ఎట్టి పరిస్థితుల్లో వెయ్యకూడదు. యూరియా, ఆల్కహాల్ కలిసి ఇథైల్ కార్బమేట్ అనేది తయారవుతుంది, కాచేటప్పటి వేడికి ఇంకా ఎక్కువ. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2ఏ వర్గంలో పెట్టింది. ఈస్ట్‌కి నైట్రోజన్ అందుతుంది కదా అని తీసుకునే దగ్గరిదారి కాదది.

డీఏపీ రెండో దఫా సాంద్రత 1.040 దగ్గర వేశాం. సగం దాటాక వెయ్యకూడదు. ఆల్కహాల్ పెరిగాక ఈస్ట్ దాన్ని సరిగ్గా తీసుకోలేదు, మిగిలిపోయింది చెడు సూక్ష్మజీవులకి మేత అవుతుంది.

చివరగా ఈస్ట్. లాల్విన్ వాళ్ల కె1-వి1116 రకం 5 గ్రాముల ప్యాకెట్లు రెండు. ఇది అడవి ఈస్ట్‌లని అణచి తన పట్టు తెచ్చుకుంటుంది, అప్పటికే పులుస్తున్న ఊటలో వెయ్యడానికి అందుకే ఎంచుకున్నాను. 38 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పావుగంటయ్యాక గరిటెడు ఊట కలిపి, ఇంకాసేపు ఆగి ఇంకో గరిటె. ఉష్ణోగ్రత తేడా 10 డిగ్రీలకు లోపు వచ్చాకే డ్రమ్ములో పోశాం. మర్నాటికి తొక్కలు ఎగదన్నుకొచ్చాయి, వాసన పలచబడింది.

వద్దన్న మూడు పనులు

ఇంటాయన దగ్గర ఒక పెద్ద చక్కెర సంచి సిద్ధంగా ఉంది. లీటరుకి 17 గ్రాముల చక్కెర వేస్తే ఒక శాతం ఆల్కహాల్ పెరుగుతుంది, లెక్క నిజమే. కానీ ఆ పెరిగిన భాగానికి ద్రాక్షతో సంబంధం లేదు. సరుకు పెరిగి పండు పలచబడుతుంది. నైట్రోజన్‌కి అల్లాడుతున్న ఈస్ట్ మీద ఇంకా బరువు వేసినట్టు కూడా అవుతుంది. పెరటి తీగ కాయతో చేసుకునేదే ఆ తీగ రుచి కోసం. చక్కెర సారా కావాలనుకుంటే దానికి ద్రాక్ష దండగ.

రెండోది పెక్టినేజ్ పొడి, అంటే పెక్టిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్. గుజ్జు కరిగి రసం బాగా దిగుతుందని కొనిపెట్టుకున్నారు. ఇక్కడే పెక్టిన్ కథ. పండ్లలో ఉండే పెక్టిన్‌కి మిథైల్ గుంపులు అతుక్కుని ఉంటాయి. ఎంజైమ్ వాటిని తెంచితే విడుదలయ్యేది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. తొక్కలో సహజంగానే ఇలాంటి ఎంజైమ్ ఉంటుంది, మనం పొడి వేస్తే పని ఇంకా జోరందుకుంటుంది. తాగే వైన్‌లో అది పెద్ద సమస్య కాదు. కాచే ఊటలో, అదీ పెక్టిన్ దండిగా ఉన్న లాబ్రస్కాలో, దాన్ని కోరి పెంచడం అనవసరం. యూరప్ నిబంధనలు చూస్తే తేడా అర్థమవుతుంది. వైన్ కాచిన బ్రాందీలో హెక్టోలీటరు (100 లీటర్ల) స్వచ్ఛ ఆల్కహాల్‌కి 200 గ్రాముల మిథనాల్ మించకూడదు, ద్రాక్ష పిప్పి నుంచి కాచినదానికి 1000 గ్రాముల వరకు ఒప్పుకుంటారు. తొక్క ఎంత ఎక్కువైతే మిథనాల్ అంత ఎక్కువ అన్నమాట.

ఈ విషయంలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ముందుగా వచ్చే గ్లాసు పారబోస్తే పీడ పోతుందని. విడిగా మరిగిస్తే ఆ అంకె నిజమే. నీళ్లు ఎక్కువున్న మిశ్రమంలో మిథనాల్ నీటిని పట్టుకుని ఉంటుంది, మామూలు బట్టీలో మొదట్నుంచి చివరిదాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. ముందు గ్లాసులో ఎక్కువగా పోయేవి అసిటాల్డిహైడ్, ఇథైల్ అసిటేట్ లాంటివి. వాటిని పారబోయాల్సిందే. కానీ మిథనాల్ తగ్గించుకునే అవకాశం ఊట దగ్గరే ఉంది. మంచి ద్రాక్ష ఊటలో అది సహజంగా కొద్ది మోతాదులోనే ఉంటుంది, భయపడాల్సిన పని లేదు. పేపర్లలో చదివే కల్తీ మద్యం ప్రాణనష్టాలకు సాధారణంగా మూలం పారిశ్రామిక మిథనాల్ కలపడం.

అందుకే మూడోదీ వద్దన్నాను. పిండేసిన పిప్పి మీద చక్కెర నీళ్లు పోసి రెండో ఊట పెడదామన్నారు. గంధకమూ పెక్టినూ రెండూ ఆ తొక్కల్లోనే ఉన్నాయి. పిప్పి కంపోస్టుకి వెళ్లింది.

సాంద్రత 1.030కి రాగానే తొక్కలు వేరు చేశాం. ఎర్ర వైన్‌కైతే ఇంకా ఉంచుతారు, మనకి రంగు అక్కర్లేదు. ప్రెస్ గట్టిగా బిగించొద్దన్నాను, గింజ నలిగితే చేదు, నూనె దిగుతాయి. 40 లీటర్లు వచ్చింది. గాలి చొరబడకుండా, లోపలి వాయువు మాత్రం బయటికి పోయేలా ఎయిర్‌లాక్ పెట్టిన జాడీల్లోకి నిండుగా పోశాం. మిగతాది నిదానంగా, ఏ గొడవా లేకుండా పులిసి 0.997 దగ్గర ఆగింది. ఆల్కహాల్ 8.5 శాతం దాకా వచ్చినట్టు.

ఈ దశలో వైన్ అలవాటున్నవాళ్ల చెయ్యి సల్ఫైట్ బిళ్లల మీదికి పోతుంది. కాచే వైన్‌లో వెయ్యకూడదు. దాన్నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ బట్టీలో ఆవిరితో పాటు వచ్చి ముక్కు మండిస్తుంది, ఊటలో అసిటాల్డిహైడ్‌ని పెంచుతుంది, రాగిని తింటుంది. సల్ఫైట్ లేదు కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. వేడి వాతావరణంలో వారాల తరబడి ఉంచితే పైన పొర కట్టి వెనిగర్ దారి పడుతుంది.

మడ్డి ఉంచాలా తియ్యాలా అని కొంత ఆలోచించాను. కోన్యాక్‌లో రెమీ మార్టిన్ లాంటివాళ్లు మడ్డితో కలిపి కాస్తారు, దానివల్ల ఒక నిండుదనం వస్తుంది. నాకూ అదే ఇష్టం. కానీ ఇక్కడ అడుగున పేరుకున్న మడ్డిలో గంధకం ఉంది, జాడీ అడుగు వాసన చూస్తే కోడిగుడ్డు ఇంకా లీలగా తగులుతోంది. తేటది 38 లీటర్లు పైపైన తీసుకుని మడ్డి వదిలేశాం.

కాచడం

దీని గురించి తక్కువే రాస్తాను. 25 లీటర్ల కరెంటు బాయిలర్, రాగి తల, రాగి గొట్టం. ఆల్కహాల్ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి మంట మీద పెట్టను, మూసిన గదిలో పెట్టను, బట్టీ నడుస్తుంటే పక్కనుంచి కదలను. ఆవిరి దారిలో ప్లాస్టిక్, మామూలు రబ్బరు, సీసం ఉన్న టంకం ఉండకూడదు.

మొదటి కాపు రెండు దఫాలుగా. అది అయ్యాక తల విప్పి చూస్తే లోపల రాగి నల్లబడి ఉంది. ఆవిరిలో మిగిలిన గంధకాన్ని రాగి పట్టుకుందన్నమాట. స్టీలు తల అయితే అది సీసాలోకి వచ్చేది. ఇంటాయన నాన్నగారు ఆ నలుపుని వేలితో రాసి చూసి, "నేను కొట్టిందేనా ఇది!" అన్నారు. నిమ్మ ఉప్పు వేడి నీళ్లతో కడిగి మళ్లీ మెరిసేలా చేశాం. కడగకుండా రెండో కాపు పెడితే నల్లబడ్డ రాగి పట్టుకోగలిగేది తక్కువ.

మొదటి కాపులో 27 శాతం సరుకు 11 లీటర్లు దిగింది. దాన్ని రెండోసారి నెమ్మదిగా, సన్నటి ధారగా కాచి చిన్న చిన్న జాడీల్లో వరసగా పట్టాం. మొదటి 100 మిల్లీలీటర్లు నేరుగా పారబోశాం. మిగతా జాడీల మీద పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచి, తెల్లారి కొంచెం నీళ్లు కలుపుకుని ఒక్కొక్కటీ వాసన చూశాం. ముందు జాడీల్లో నెయిల్ పాలిష్ ఘాటు, చివరివాటిలో తడిసిన అట్ట వాసన. అవి పక్కన పెట్టేశాం. మధ్యవి కలిపితే 2.8 లీటర్లు, 68 శాతం. కోడిగుడ్డు జాడే లేదు. చిదిపిన ఆల్బనీ సర్‌ప్రైజ్ తొక్క వాసన మాత్రం అచ్చంగా అలాగే ఉంది, చివర్లో కొంచెం మిరియం ఘాటుతో. 42 శాతానికి పలచబరిస్తే నాలుగున్నర లీటర్లయింది. నీళ్లు ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెంగా రోజుల తరబడి కలిపారు, మబ్బు పట్టలేదు. సగం గాజు సీసాల్లో తెల్లగానే ఉంచుకున్నారు, సగంలో కాల్చిన ఓక్ ముక్కలు వేశారు. నా ఓటు తెల్లదానికే. ఓక్ ఈ ద్రాక్ష వాసనతో పోట్లాడుతుంది.

వచ్చే సీజన్‌కి తీగ పని రాసిచ్చాను. చలికాలం కత్తిరింపు గట్టిగా చెయ్యాలి, పందిరిలోకి గాలీ ఎండా దూరితే బూడిద తెగులు సగం తగ్గుతుంది. గంధకం కోతకి కనీసం 5 వారాల ముందే ఆపెయ్యాలి, ఆ తరవాత తెగులు కనిపిస్తే పొటాషియం బైకార్బొనేట్ కొట్టుకోవచ్చు. ఆగస్టులో పాదుకి కంపోస్టు. కాయ రంగు తిరగగానే వల కప్పాలి, లేకపోతే మైనాలు, చిన్న సిల్వర్ ఐ పిట్టలు మనకంటే ముందే కోత ముగిస్తాయి. ఈస్ట్ మొదటి రోజే వెయ్యాలి. డీఏపీ ముందే కొని పెట్టుకోవాలి. పెద్దాయన ఏప్రిల్ చివర్లో ఊరికి వెళ్లేముందు ఆ కాగితాన్ని గ్యారేజీ తలుపు వెనక అంటించి, కత్తిరింపు ఎక్కడెక్కడ చెయ్యాలో కొమ్మలకి ఎర్ర దారాలు కట్టి కొడుక్కి చూపించి వెళ్లారు.